చెత్తగుట్ట కింద మీథేన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పూడ్చిన చెత్తలో పుట్టే మీథేన్ వాయువును పైపులతో పట్టి విద్యుత్తు తయారు చేయవచ్చని గత సంచికలో క్లుప్తంగా రాశాను. అప్పటి నుంచి ఈ శీర్షికకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. చాలామంది సందేహాలు కొద్ది తేడాతో ఒకటే కనుక, వాటిలో కొన్నింటిని ఎంచి, ఈసారి చోటంతా ఈ ఒక్క విషయానికే ఇస్తున్నాను.

ప్రశ్న: ఎరువుగుంటలో వేసిన ఆకులు, తొక్కలు కుళ్లి మట్టిలో కలిసిపోతాయే గాని, అక్కడ మండే వాయువు పుట్టినట్టు ఎప్పుడూ వినలేదు. అదే చెత్తను పెద్ద గుట్టగా పోసి మట్టి కప్పితే మీథేన్ ఎందుకు పుడుతుంది?

తేడా చెత్తలో లేదు, చెత్తకు అందే గాలిలో ఉంది. తరచూ తిరగేసే ఎరువుగుంటలో ప్రతి ఆకు చుట్టూ కొంత గాలి ఆడుతూ ఉంటుంది కనుక, ఆక్సిజన్‌తో బతికే సూక్ష్మజీవులు ఆకును తిని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. గుట్టలో పరిస్థితి వేరు. లారీల నుంచి దించిన చెత్తను బరువైన యంత్రాలతో తొక్కించి, పైన మట్టి పరిచి, దాని మీద మరో పొర వేసుకుంటూ పోతారు. లోపల చిక్కుకున్న కొద్దిపాటి ఆక్సిజన్ కొన్ని రోజుల్లోనే ఖర్చయిపోతుంది. ఆ తరువాత గాలి అక్కరలేని సూక్ష్మజీవుల వంతు వస్తుంది. అవి పిండిపదార్థాలను, కొవ్వులను, కాగితంలోని పీచును విరగ్గొట్టి రకరకాల ఆమ్లాలుగా, హైడ్రోజన్‌గా మారుస్తాయి. ఆ ఆమ్లాలను, హైడ్రోజన్‌ను ఆహారంగా తీసుకొని మీథేన్‌ను విడిచేవి మరో రకం జీవులు. వీటిని మామూలు మాటల్లో బ్యాక్టీరియా అనేస్తారు గాని, నిజానికి ఇవి ఆర్కియా అనే వేరే తెగకు చెందినవి, ఆక్సిజన్ తగిలితే బతకలేనివి. ఇవి స్థిరపడిన తరువాత గుట్ట నుంచి వచ్చే వాయువులో దాదాపు సగం మీథేన్, మిగిలిన దానిలో అధిక భాగం కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా 1776లో మజ్జోరే సరస్సు అంచున అడుగు బురదను కదిలించి, పైకి లేచిన బుడగలను పాత్రలో పట్టి, ఆ వాయువు మండుతుందని చూపించాడు. చెరువు అడుగున, చెత్తగుట్ట కడుపులో జరిగే పని ఒకటే. ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దాలి. గుట్ట దగ్గర ముక్కు మూసుకునేలా చేసే వాసన మీథేన్‌ది కాదు. మీథేన్‌కు రంగు లేదు, వాసనా లేదు. ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి ఇతర వాయువులది. కనుక వాసన తగ్గినంత మాత్రాన మీథేన్ ఆగిందని అనుకోకూడదు.

ప్రశ్న: మీథేన్‌ను ఇంజిన్‌లో మండిస్తే చివరికి కార్బన్ డయాక్సైడే కదా బయటికి వచ్చేది! ఒక కాలుష్యాన్ని ఇంకో కాలుష్యంగా మార్చి పర్యావరణానికి మేలు చేశామని చెప్పుకోవడంలో న్యాయం ఉందా? (ఒక కళాశాల విద్యార్థిని)

వచ్చిన ఉత్తరాలన్నిటిలోకి మంచి ప్రశ్న ఇదే అనిపించింది, అందుకే దీనికి లెక్కతోనే జవాబు చెబుతాను. ఒక టన్ను మీథేన్‌ను పూర్తిగా మండిస్తే 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంతవరకు మీరన్నది నిజమే. అయితే అదే టన్ను మీథేన్‌ను మండించకుండా గాలిలోకి వదిలితే, వంద సంవత్సరాల కాలాన్ని తీసుకొని చూసినప్పుడు, అది సుమారు 27 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఎంత వేడిని నిలుపుతుందో అంత వేడిని నిలుపుతుంది. ఇరవై సంవత్సరాల కాలాన్నే తీసుకుంటే ఆ అంకె 80 దాకా వెళుతుంది. మీథేన్ గాలిలో నిలిచేది సుమారు పన్నెండేళ్లే. ఉన్నంతకాలం మాత్రం భూమి నుంచి పైకి పోయే వేడిని చాలా గట్టిగా పట్టి ఉంచుతుంది, కాబట్టి చూసే కాలం తగ్గేకొద్దీ దాని ప్రభావం పెద్దదిగా కనబడుతుంది.

మరో సంగతి కూడా గమనించండి. ఇంజిన్ పొగగొట్టం నుంచి వచ్చే ఆ 2.75 టన్నుల్లోని కార్బన్ ఎక్కడిది? కొద్ది కాలం కిందట మొక్కలు గాలి నుంచి తీసుకొని ఆకుగా, గింజగా, కలపగా మార్చుకున్నదే. అది తిరిగి గాలిలోకి వెళ్లడం, భూగర్భంలో కోట్ల ఏళ్లుగా ఉన్న బొగ్గును తవ్వి కాల్చడం ఒకటి కావు. అందుకే దేశాల ఉద్గారాల లెక్కల్లో చెత్తలోని జీవపదార్థం నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మొత్తంలో కలపరు, మీథేన్‌ను మాత్రం తప్పనిసరిగా కలుపుతారు.

ఇప్పుడు విద్యుత్తు వంతు. ఒక టన్ను మీథేన్‌తో మంచి గ్యాస్ ఇంజిన్ దాదాపు 5,000 యూనిట్ల విద్యుత్తు ఇస్తుంది. అంతే విద్యుత్తును బొగ్గుతో తయారు చేస్తే యూనిట్‌కు ఇంచుమించు ఒక కిలో చొప్పున 5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడేది. అంటే మీథేన్‌ను గాలిలోకి పోనివ్వకుండా మండించినందుకు దక్కిన ప్రయోజనం 27 టన్నులు, బొగ్గును మిగిల్చినందుకు దక్కినది 5 టన్నులు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవారికి నేను ఈ విషయంలో గట్టిగా నమ్మేది ఏమిటో అర్థమవుతుంది. ఇక్కడ అసలు పని మీథేన్‌ను ఆపడం, విద్యుత్తు ఆ పని మీద వచ్చే అదనపు ఆదాయం. ప్రకటనల్లో ఎన్ని ఇళ్లకు వెలుగునిచ్చామో పెద్ద అక్షరాల్లో రాస్తారు. ఎన్ని టన్నుల మీథేన్ తప్పించుకుపోయిందో ఎక్కడా రాయరు. ఇంజిన్ మరమ్మతుకు ఆగిన రోజున వాయువును గాలికి వదిలేసే కేంద్రం, నెలంతా ఎన్ని యూనిట్లు అమ్మినా, తన మొదటి బాధ్యతలో విఫలమైనట్టే. అందుకే ప్రతి కేంద్రంలోనూ ఇంజిన్‌తో పాటు ఫ్లేర్ అనే మంటగొట్టం సిద్ధంగా ఉండాలి.

ఈ తొందర ఎందుకో కూడా చెప్పాలి. గాలిలో మీథేన్ సాంద్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికి ఇప్పటికే రెండున్నర రెట్లు దాటింది. మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో ఇంచుమించు అయిదో వంతు చెత్త, మురుగునీటి నుంచే వస్తోంది. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో మొదలైన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలో 150కి పైగా దేశాలు చేరి, 2030 నాటికి ఈ ఉద్గారాలను 2020 స్థాయి కంటే కనీసం 30 శాతం తగ్గించే ఉమ్మడి లక్ష్యాన్ని పెట్టుకున్నాయి. పన్నెండేళ్లలో కరిగిపోయే వాయువు కనుక, ఈరోజు ఆపితే ఫలితం మనం బతికి ఉండగానే కనబడుతుంది. కార్బన్ డయాక్సైడ్ విషయంలో ఆ మాట చెప్పలేము.

ప్రశ్న: గుట్ట మీద అక్కడక్కడా పైకి పొడుచుకు వచ్చిన గొట్టాలను ఫొటోల్లో చూశాను. వాయువు దానంతట అదే ఆ గొట్టాల్లోకి వస్తుందా, లేక లాగాలా?

లాగాలి. పాత పద్ధతిలో గొట్టం పాతి వదిలేసేవారు, లోపలి ఒత్తిడికి వచ్చినంత వచ్చేది, మిగిలింది మట్టి పగుళ్లలో నుంచి పోయేది. విద్యుత్తు తయారు చేసే చోట మాత్రం గుట్టలోకి నిలువుగా బావులు తవ్వుతారు. చెత్త లోతులో చాలా భాగం వరకు దిగే ఈ బావిలో, కింది భాగమంతా రంధ్రాలున్న ప్లాస్టిక్ పైపు దించి, చుట్టూ గులకరాళ్లు నింపి, పైభాగాన్ని నీరు తగిలితే ఉబ్బే బెంటొనైట్ మట్టితో బిగించేస్తారు. ఆ బిగింపు సరిగా లేకపోతే పైపు లోపలి వాయువుకు బదులు బయటి గాలిని పీలుస్తుంది. బావులన్నిటినీ అడ్డపైపులతో కలిపి, ఒక పెద్ద పైపు ద్వారా బ్లోయర్ దగ్గరికి తెస్తారు. బ్లోయర్ తిరిగినప్పుడు పైపుల్లో ఒత్తిడి బయటి కంటే కొంచెం తగ్గుతుంది, వాయువు అటు నడుస్తుంది.

వినడానికి సులువుగానే ఉంటుంది. కష్టమంతా ఆ "కొంచెం" అన్న మాటలో ఉంది. ప్రతి బావి తల దగ్గర ఒక వాల్వు, నమూనా తీసే చిన్న ముక్కు ఉంటాయి. సాంకేతిక సిబ్బంది చేతి పరికరం పట్టుకొని బావి బావికీ తిరిగి మీథేన్, కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ శాతాలను, ఉష్ణోగ్రతను, ఒత్తిడిని కొలిచి, వాల్వును పావు చుట్టో, అంతకంటే తక్కువో తిప్పుతారు. తక్కువగా లాగితే మీథేన్ మట్టి పొరల గుండా పైకి జారిపోతుంది. ఎక్కువగా లాగితే మూత మీది పగుళ్ల నుంచి గాలి లోపలికి వస్తుంది. గాలి వచ్చిందంటే మీథేన్ పుట్టించే జీవులు దెబ్బతింటాయి. అంతకంటే ప్రమాదకరమైనది, వేడెక్కి ఉన్న చెత్త లోలోపలే రాజుకుంటుంది. పైకి పొగ కూడా సరిగా కనబడని ఆ నిప్పు నెలల తరబడి రగులుతుంది, పైన నేల కుంగుతుంది. బావిలో ఆక్సిజన్ పెరగడం, ఉష్ణోగ్రత పెరగడం కలిసి కనబడితే వెంటనే వాల్వు తగ్గించేది ఇందుకే.

ఇంకో తలనొప్పి నీరు. గుట్ట లోపల వెచ్చగా, తేమగా ఉన్న వాయువు బయటి చల్లని పైపులోకి రాగానే ఆవిరి నీటిబొట్లుగా మారుతుంది. అందుకే పైపులను ఒక వాలులో వేసి, పల్లంలో నీటిని దించే తొట్లు పెడతారు. కాని కింద చెత్త కుళ్లేకొద్దీ నేల ఎగుడుదిగుడుగా కుంగుతుంది, నిన్న వాలుగా ఉన్న పైపు నేడు మధ్యలో జారి తొట్టిలా అవుతుంది. అక్కడ నీరు నిలిస్తే పైపు మీద చెవి పెట్టి వినవచ్చు, హుక్కా పీల్చినట్టు గుడగుడమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే అవతలి బావులకు లాగుడు సరిగా అందడం లేదని అర్థం. అనుభవమున్న సిబ్బంది మీటరు చూడకముందే ఈ చప్పుడును బట్టి లోపం ఎక్కడుందో చెబుతారు.

బ్లోయర్ దాటిన వాయువును నేరుగా ఇంజిన్‌కు ఇవ్వరు. తేమ తీసేయాలి, లోహాన్ని తినేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తగ్గించాలి. వీటికి తోడు సిలోక్సేన్లు అనే పదార్థాలున్నాయి. షాంపూలు, క్రీములు, డియోడరెంట్లలో వాడే ఈ సిలికాన్ సమ్మేళనాలు ఖాళీ సీసాలతో పాటు చెత్తలోకి చేరి, వాయువులో కలిసి వచ్చి, ఇంజిన్‌లో మండినప్పుడు ఇసుక లాంటి సిలికాగా మారి సిలిండర్ల మీద తెల్లని పెచ్చు కడతాయి. వీటిని పట్టడానికి యాక్టివేటెడ్ కార్బన్ నింపిన తొట్ల గుండా వాయువును పంపుతారు.

ప్రశ్న: ఇలా వచ్చే విద్యుత్తు చెప్పుకోదగినంత ఉంటుందా? ఎన్నేళ్లు వస్తుంది?

సగం మీథేన్ ఉన్న వాయువు ఒక ఘనపు మీటరుకు ఇంజిన్ ఇచ్చేది రెండు యూనిట్ల లోపు. ఒక మెగావాట్ ఇంజిన్ నడవాలంటే గంటకు దాదాపు 550 నుంచి 600 ఘనపు మీటర్ల వాయువు కావాలి. పెద్ద నగరాల చెత్తకు ఇది అందని అంకె కాదు. అమెరికాలో లాస్ ఏంజిలిస్ దగ్గరి పాలోస్ వెర్డెస్ చెత్తస్థలం నుంచి వాయువును పట్టి వాడుకోవడం 1975లోనే మొదలైంది. బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో బాండెయిరాంటెస్ చెత్తస్థలం మీద 2004లో సుమారు 20 మెగావాట్ల కేంద్రం వచ్చింది. దక్షిణ కొరియాలో ఇంచియాన్ దగ్గరున్న సుడోక్వాన్ చెత్తస్థలంలో 50 మెగావాట్ల కేంద్రాన్ని కట్టారు. ఎండ లేని వేళ, గాలి వీచని వేళ కూడా ఈ విద్యుత్తు వస్తూ ఉండటం దీని మంచి గుణం. అయినా ఒక నగరానికి కావలసిన విద్యుత్తులో ఇది చిన్న వంతే, దానిని పెద్దది చేసి చెప్పవలసిన అవసరం లేదు.

కాలం విషయానికి వస్తే, తేమ, వేడి ఎక్కువగా ఉన్న వాతావరణంలో వంటింటి వ్యర్థాలు రెండేళ్ల లోపే సగం కుళ్లిపోతాయి. కలప వంటివి పొడి, చల్లని చోట సగం కుళ్లడానికి మూడు దశాబ్దాలకు పైగా పడుతుంది. చెత్త పోయడం ఆపిన కొద్ది కాలానికి వాయువు గరిష్ఠానికి చేరి, తరువాత ఏటేటా తగ్గుతూ పోతుంది. కనుక తడిచెత్త ఎక్కువగా ఉన్నచోట పదేళ్ల తరువాతి దిగుబడిని మొదటి ఏడాది అంకెతో లెక్కగట్టి పెద్ద ఇంజిన్లు కొనడం పొరపాటు. చిన్న ఇంజిన్లు నాలుగైదు పెట్టుకొని, వాయువు తగ్గేకొద్దీ ఒక్కొక్కటిగా వేరే చోటికి తరలించేవారు తెలివైనవారు.

ప్రశ్న: మూసేసిన చెత్తస్థలం పక్కన ఇళ్ల స్థలాలు వేస్తున్నారు. పైన పచ్చగడ్డి పెరిగి చక్కగా కనిపిస్తోంది. అక్కడ ఇల్లు కట్టుకుంటే ప్రమాదమా?

తనిఖీ లేకుండా కట్టకండి. గాలిలో మీథేన్ 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. గుట్ట నుంచి బయలుదేరే సమయంలో వాయువు అంతకంటే చిక్కగా ఉంటుంది. నేల పొరల్లో, పైపుల వెంట పాకి వచ్చి ఒక మూసిన గదిలో గాలితో కలిసినప్పుడే ఆ శాతానికి దిగుతుంది.

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో లాస్కో అనే ఊళ్లో 1986 మార్చి 24న జరిగింది ఇదే. దగ్గరలోని మూసేసిన చెత్తస్థలం నుంచి భూమిలోపలి పొరల గుండా వచ్చిన మీథేన్ పేలి ఒక ఇల్లు పూర్తిగా నేలమట్టమైంది, అందులోని ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు. ఆ రోజే ఎందుకు జరిగిందో తరువాత విచారిస్తే, అంతకుముందు ఏడు గంటల్లో వాతావరణ పీడనం 29 మిల్లీబార్లు పడిపోయిందని తేలింది. బయటి గాలి ఒత్తిడి తగ్గగానే, నేలలో దాగి ఉన్న వాయువు ఒక్కసారిగా బయటికి పొంగింది. అంటే ప్రశాంతమైన రోజున కొలిచి "మీథేన్ లేదు" అని ఇచ్చిన కాగితం, తుపాను ముందరి రోజుకు పనికిరాదు.

చెత్తస్థలానికి, ఇళ్లకు మధ్య నేలలో పరీక్షగొట్టాలు ఉన్నాయా, వాటిని పీడనం పడిపోయిన రోజుల్లో కూడా కొలుస్తున్నారా, సరిహద్దు వెంబడి వాయువును లాగే బావులు పనిచేస్తున్నాయా అని అడగండి. సమాధానం కాగితం మీద రాకపోతే ఆ స్థలం వద్దు. విద్యుత్తు కోసం కాకపోయినా, పక్కవారి ప్రాణాల కోసమైనా ఈ వాయువును పట్టి తీరాలని నేను అనేది ఇందువల్లనే.

ప్రశ్న: ఈ వాయువుతో వాహనాలు నడపలేమా?

నడపవచ్చు. కార్బన్ డయాక్సైడ్, తేమ, ఇతర మలినాలు తీసేస్తే మిగిలేది సహజవాయువుతో సమానమైనదే. గుట్టలోకి గాలి చొరబడితే వాయువులో నైట్రోజన్ కలుస్తుంది, దానిని మీథేన్ నుంచి విడదీయడం ఖర్చుతో కూడిన పని. కాబట్టి వాహన ఇంధనం చేయదలచినవారు బావుల వాల్వుల దగ్గర మరింత జాగ్రత్త పడాలి.

ప్రశ్న: తడిచెత్తను అసలు పూడ్చకుండా వేరుచేస్తే మీథేనే పుట్టదు కదా! విద్యుత్తు పేరు చెప్పి పాత పద్ధతినే సాగదీయడానికి ఇది ఒక సాకు కాదా?

మీ అనుమానం సరైనదే, దానిని తేలికగా తోసిపుచ్చను. పైన చెప్పిన సగం కుళ్లే కాలాన్ని మరోసారి గుర్తుచేసుకోండి. వంటింటి వ్యర్థాలు అన్నిటికంటే ముందు కుళ్లుతాయి. కాని చెత్త పోస్తూ ఉన్న భాగంలో లారీలు, యంత్రాలు తిరుగుతూ ఉంటాయి కనుక బావులు తవ్వడానికి కుదరదు, పై మూతా పూర్తిగా ఉండదు. అమెరికాలో 1996లో వచ్చిన నియమాల ప్రకారం కూడా పెద్ద చెత్తస్థలాల్లో ఇంకా చెత్త పోస్తున్న భాగాలకు మొదటి చెత్త పడ్డ అయిదేళ్ల లోపు బావులు వేస్తే చాలు. అయిదేళ్లలో వంటింటి చెత్తలోని మీథేన్ ఎంత పోయి ఉంటుందో ఊహించండి. ఆ దేశపు పర్యావరణ సంస్థే 2023లో లెక్కగట్టి, పూడ్చిన ఆహార వ్యర్థాల నుంచి పుట్టిన మీథేన్‌లో 61 శాతం పైపులకు చిక్కకుండా గాలిలో కలుస్తోందని ప్రకటించింది. నగర చెత్తస్థలాల నుంచి తప్పించుకునే మీథేన్ మొత్తంలో 58 శాతం ఈ ఆహార వ్యర్థాలదేనని కూడా అదే నివేదిక చెప్పింది. బావులు, బ్లోయర్లు, ఇంజిన్లు అన్నీ ఉన్న దేశంలో పరిస్థితి ఇది.

కాబట్టి వరుస ఇలా ఉండాలని నా అభిప్రాయం. తడిచెత్తను పుట్టినచోటే వేరుచేసి ఎరువుగానో, మూసిన తొట్టిలో బయోగ్యాస్‌గానో మార్చడం ముందు పని. మూసిన తొట్టిలో పుట్టిన మీథేన్ దాదాపు అంతా చేతికి చిక్కుతుంది, గుట్టలో పుట్టింది అలా చిక్కదు. యూరప్ ఈ దారినే ఎంచుకుంది. 1999లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఆదేశం కుళ్లే చెత్తను పూడ్చడాన్ని దశలవారీగా 1995 స్థాయిలో 35 శాతానికి తగ్గించాలని సభ్యదేశాలను కోరింది. జర్మనీ 2005 జూన్ నుంచి శుద్ధి చేయని నగర చెత్తను పూడ్చడాన్నే ఆపేసింది.

అయితే ఈ వాదనను పట్టుకొని, ఇప్పటికే పూడ్చిన చెత్తను వదిలేయమనేవారితో మాత్రం ఏకీభవించలేను. ఈరోజే వేరుచేయడం నూటికి నూరుపాళ్లు మొదలైనా, నిన్నటి దాకా పూడ్చింది ఇంకా ఏళ్ల తరబడి మీథేన్‌ను ఇస్తూనే ఉంటుంది. ఆ గుట్టలో తడిచెత్తను తిరిగి బయటికి తీయడం చాలాచోట్ల సాధ్యం కాదు. అక్కడ బావులు తవ్వి వాయువును లాగడం తప్ప మరో దారి లేదు. జాగ్రత్త పడవలసినది ఒప్పందాల దగ్గర. వాయువు ఇంత పరిమాణంలో ఇన్నేళ్లు ఇస్తామని నగరపాలక సంస్థ ఇంజిన్ కంపెనీకి మాట ఇస్తే, ఆ మాట నిలబెట్టుకోవడానికి తడిచెత్తను గుట్టకే తెచ్చి పోయవలసి వస్తుంది. అలాంటి షరతు ఉన్న ఒప్పందం మీద ఎవరూ సంతకం చేయకూడదు. ఇంజిన్ గుట్ట కోసం ఉండాలి గాని, గుట్ట ఇంజిన్ కోసం పెరగకూడదు.

ప్రశ్న: ఇన్ని టన్నులు పట్టామని కేంద్రం నడిపేవారు చెబుతారు. తప్పించుకుపోయింది ఎంతో ఎవరు కొలుస్తారు?

పైపులో వచ్చినదానిని మీటరు కొలుస్తుంది. రానిదానిని చాలాకాలం ఎవరూ కొలవలేదు. చెత్త బరువును బట్టి, రకాన్ని బట్టి సూత్రాలతో అంచనా వేసేవారు, నేటికీ ఎక్కువగా అలాగే జరుగుతోంది. నేల మీద కొలిచే పద్ధతి ఒకటుంది. సిబ్బంది పరికరాన్ని నేలకు దగ్గరగా పట్టుకొని, 30 మీటర్ల ఎడంతో వరుసలుగా గుట్ట అంతా నడుస్తారు. అమెరికా నియమాల్లో మీథేన్ పది లక్షల భాగాల్లో 500 భాగాలు దాటినచోటును గుర్తించి సరిచేయాలి. అయితే ఏటవాలు అంచులు, చెత్త పోస్తున్న భాగం ప్రమాదమని నడకలో వదిలేస్తారు. లీకులు ఎక్కువగా ఉండేది అక్కడే.

ఈ లోటును ఇప్పుడు ఆకాశం నుంచి పూరిస్తున్నారు. నేల మీద పడి తిరిగి వెళ్లే సూర్యకాంతిలో కొన్ని పరారుణ కిరణాలను మీథేన్ పీల్చుకుంటుంది. ఎంత పీల్చుకుందో చూసి, అక్కడ ఎంత వాయువు ఉందో లెక్కగడతారు. 2017లో ప్రయోగించిన సెంటినెల్-5పి ఉపగ్రహంలోని ట్రోపోమి పరికరం పెద్ద ప్రాంతాలను, కెనడా సంస్థ జీహెచ్‌జీశాట్ ఉపగ్రహాలు ఒక్కొక్క గుట్టను విడిగా చూడగలవు. ఈ రెంటినీ కలిపి బ్యూనస్ ఐరిస్, ఢిల్లీ, లాహోర్, ముంబయి నగరాలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2022లో వెలువడింది. వాడుకలో ఉన్న అంచనాల కంటే ఆ నగరాల మీథేన్ 1.4 నుంచి 2.6 రెట్లు ఎక్కువగా ఉందని అందులో తేలింది. అమెరికాలో విమానాల నుంచి 200కు పైగా చెత్తస్థలాలను కొలిచి 2024లో ప్రచురించిన మరో అధ్యయనంలో, 52 శాతం చోట్ల పెద్ద లీకులు కనిపించాయి. ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. మబ్బు పట్టినా, రాత్రి అయినా ఈ పరికరాలు చూడలేవు, చిన్నచిన్న లీకులు వాటికి అందవు. అయినా కాగితం మీది అంచనాకు ఎదురుగా నిలిచే సాక్ష్యం ఇదే. ఉద్గారాలు తగ్గించినందుకు చెత్తస్థలం నడిపేవారికి ఇచ్చే, అమ్ముకోగల కార్బన్ క్రెడిట్లను ఇకనైనా ఇటువంటి కొలతలతో ముడిపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: చిన్న పట్టణపు చెత్తస్థలంలో ఇంజిన్ పెట్టేంత వాయువు రాదంటున్నారు. అలాంటి చోట ఏం చేయాలి?

విద్యుత్తు రాకపోయినా వాయువును వదిలేయనక్కరలేదు. నాలుగైదు బావులు, ఒక చిన్న బ్లోయర్, ఒక ఫ్లేర్ ఉంటే చాలు. చుట్టూ గోడ ఉన్న మంచి ఫ్లేర్ తనలోకి వచ్చిన మీథేన్‌లో 98 శాతానికి మించి మండించేస్తుంది. ముందు చెప్పిన 27, 5 టన్నుల లెక్కలో పెద్దభాగం ఇక్కడే దక్కుతుంది.

మండేంత మీథేన్ కూడా లేని పాత గుట్టలకు మట్టే సాయం చేస్తుంది. మీథేన్‌ను ఆహారంగా తీసుకొనే బ్యాక్టీరియా పైమట్టిలో సహజంగా ఉంటాయి. మామూలు మట్టి మూతలో అవి పైకి వచ్చే మీథేన్‌లో పదో వంతును తింటాయని లెక్కల్లో తీసుకుంటారు. మూత మీద బాగా పండిన కంపోస్టును మందంగా పరిచి, కింద గులకరాళ్ల పొరతో వాయువు అంతటా సమంగా పరుచుకునేలా చేస్తే, ఆ వంతు చాలా పెరుగుతుంది. ఈ బ్యాక్టీరియాకు కావలసినది తడి, గాలి, కొంత సమయం. ఎండకు నెర్రెలు బారిన బంకమట్టిలో ఆ సమయం దొరకదు, వాయువు నెర్రె గుండా క్షణాల్లో బయటపడుతుంది.

ఆ నెర్రెలను వెతకడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. వాన వెలిసిన మర్నాడు గుట్ట మీద మెల్లగా నడవండి. గుంటల్లో నిలిచిన నీటిలో ఒకే చోట ఆగకుండా బుడగలు వస్తుంటే అక్కడ ఒక కర్ర పాతి గుర్తు పెట్టండి. చుట్టూ పచ్చగా ఉన్న గడ్డి మధ్యలో గుండ్రంగా ఎండిపోయిన మచ్చ కనిపించినా, వేర్లకు అందవలసిన గాలిని మీథేన్ తోసేసిందని అనుమానించి అక్కడా ఒక కర్ర పాతండి. ఈ పని చేసేటప్పుడు చుట్ట, సిగరెట్ దగ్గర ఉండకూడదు. కర్రలు పాతిన చోట్ల మట్టిని తవ్వి, తడిపి, తొక్కించి, పైన కంపోస్టు వేయించమని నగరపాలక సిబ్బందిని అడగండి. మళ్లీ వాన పడ్డాక అదే దారిలో నడిచి చూడండి.